సీలు తీయని ఆట

ముందే ఒప్పేసుకుంటాను. తెలివితక్కువతనంలో నాకు పోటీ వచ్చేవాడు జెద్దా మొత్తంలో ఒక్కడే ఉన్నాడు, వాడు కూడా నేను అద్దం ముందు నిలబడితేనే కనిపిస్తాడు. లేకపోతే మీరే చెప్పండి, ఆడుకోవడానికి వీల్లేని ఆటను ఎవరైనా కొంటారా? అదీ ఇంటి శ్లాబు డబ్బులు పెట్టి?

నేను కొన్నాను.

చిన్నప్పుడు జగిత్యాలలో మా బడి వెనక ఒక దుకాణం ఉండేది. రూపాయి ఇస్తే టీవీ ముందు కూర్చోబెట్టి, ఒక క్యాసెట్టు గుచ్చి, మోటారు సైకిల్ పందెం ఆడనిచ్చేవారు. నా దగ్గర ఆ రూపాయి ఎప్పుడూ ఉండేది కాదు. కాబట్టి నా బాల్యమంతా ఇతరుల వీపుల వెనక నిలబడి, ఇతరుల బండ్లు పల్టీ కొడుతుంటే "అబ్బా!" అనడంలోనే గడిచిపోయింది. ఆ "అబ్బా" లోపల ఎక్కడో అలాగే మిగిలిపోయింది. ఇన్నేళ్ల తర్వాత జెద్దా పాతబజారు బలద్‌లో ఖలీల్ భాయ్ దుకాణంలో, అద్దం వెనక, అదే మోటారు సైకిల్ బొమ్మ ఉన్న డబ్బా కనిపించింది. ఊరందరి ఏసీలు బాగుచేసి బతికే నేను, ఏసీ పాడైన గదిలా వేడెక్కిపోయాను.

ఖలీల్ భాయ్‌ది హైదరాబాద్. పాత వీడియో గేములు అమ్ముతాడు. ఆయన మాట ఎంత మెత్తనంటే, వింటుంటే జేబు తేలికవుతున్న సంగతి కూడా మనకు హాయిగానే ఉంటుంది.

"రవి భాయ్, ఇది ఆట కాదు, ఆస్తి. ఫ్యాక్టరీ సీలు. ఇంతవరకు ఒక్కడు ముట్టలే."

"ఒక్కసారి ఆడి చూడొచ్చా?"

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తోబా తోబా! సీలు తీస్తే విలువ పోతది భాయ్. తెర్వొద్దు. చూస్కుంట ఉండాలె, అంతే!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనైతే పెట్టుకున్నాను.

ఫోన్‌లో పాత ఆటలు సేకరించేవాళ్ల గ్రూపు ఒకటి ఉంది. అందులో హైదరాబాద్ పెద్దమనిషి ఒకాయన నేను పెట్టిన ఫొటో చూసి, సీలు చెక్కుచెదరకుండా తెస్తే రెట్టింపు ఇస్తానన్నాడు. నా సెలవు దగ్గర్లోనే ఉంది. వెళ్తాను, అమ్ముతాను, శ్లాబు పోయిస్తాను, మిగిలినదానితో మేడ మీద ఇంకో గది వేస్తాను. ఆ గదికి కిటికీ ఎటువైపు పెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కింది గదికే ఇంకా పైకప్పు లేదన్న ఆలోచన మాత్రం, మర్యాద తెలిసిన చుట్టంలా, మధ్యలో వచ్చి ఇబ్బంది పెట్టలేదు.

మా ఆవిడ లత ఫోన్ చేసింది. "ఇనుప సలాకలు తెచ్చి పడేసిన్రు. మేస్త్రి పొద్దుకో పారి అడుగుతుండు. పైసలు ఎప్పుడు పంపుతవ్?"

"నేనే తెస్తున్న. సర్‌ప్రైజ్."

"శ్లాబుకు సిమెంటు గావాలె, సర్‌ప్రైజ్ కాదు," అని పెట్టేసింది.

ఇక్కడ మీకు కార్టన్ సంగతి చెప్పాలి. గల్ఫ్ నుంచి ఇంటికి వెళ్లేవాడు తన అట్టపెట్టెను తాను కట్టుకోడు. రూముకొక నిపుణుడు ఉంటాడు. మా రూములో మల్లన్న. నిర్మల్ వైపు మనిషి, షట్టరింగ్ పని. ఆయన కట్టిన కార్టన్‌ను విమానం నుంచి కిందికి విసిరినా లోపలి అత్తరు సీసాకు తెలియదు. ఆయనవి రెండు నియమాలు. బరువు పెరగకూడదు కనుక ఏ వస్తువుకూ డబ్బా ఉండరాదు. కస్టమ్స్ వాళ్ల కంటికి కొత్తగా కనబడకూడదు కనుక ఏ వస్తువుకూ కవరు ఉండరాదు.

ఈ రెండూ నాకు తెలుసు. అందుకే ఆటను టవల్‌లో చుట్టి, చేతిసంచీ అడుగున దాచాను. శుక్రవారం పొద్దున సామానంతా ఆయన ముందు కుప్ప పోసి, ఖర్జూరాలు కొనడానికి షరఫియా బజారుకు వెళ్లాను. వచ్చేసరికి కార్టన్ తాడు బిగించుకుని, నా పేరు నాలుగు వైపులా రాయించుకుని, పెళ్లికొడుకులా కూర్చుంది.

"తమ్మీ, ఒకటి మర్చిపోయినవ్ పో," అన్నాడు మల్లన్న. "సంచిల టవల్ల సుట్టి ఉన్నది సూడు, ఆటబొమ్మ. అది గూడ పెట్టిన."

నా గొంతులో ఖర్జూరం గింజ అడ్డం పడింది. నేను ఖర్జూరం తినకుండానే.

"ఎట్ల... పెట్టినవ్ అన్న?"

"ఎట్లేంది? కవరు సింపిన, డబ్బ పారేసిన, లోపలి దాన్ని లుంగిల సుట్టిన. మస్తు కొత్తగ మెరుస్తుండె తమ్మీ! కస్టమ్స్ ఓడు పడుతడని జర గోడకు రుద్దిన గూడ."

"గోడకా!"

"ఫికర్ జెయ్యకు. ఇప్పుడు ఎవ్వలు జూసిన పాతదే అంటరు."

నేను మంచం మీద కూలబడ్డాను. ఆ కవరు ఖరీదెంతో, దాని కింద మా శ్లాబు డబ్బులు ఎలా పడి ఉన్నాయో ఏడుపుకొక్క మాట చొప్పున చెప్పాను. మల్లన్న మొహం మాడిపోయింది. వెంటనే కార్టన్ తాడు కోసి, లుంగీ విప్పి, క్యాసెట్టు తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

"తమ్మీ, దీని తోలు ఊడిపోయింది సూడు. లోపల ఇంకో తోలున్నది."

చూశాను. గోడకు రుద్దిన చోట మోటారు సైకిల్ బొమ్మ సగం లేచిపోయింది. కింద ఇంకో పాత కాగితం. దాని మీద "ఒకదాంట్లో వెయ్యి ఆటలు" అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. మా బడి వెనక దుకాణంలో కూడా సిగ్గుపడి వెనక వరసలో పెట్టే నకిలీ రకం అది.

ఏడ్వాలో నవ్వాలో తేలలేదు. హైదరాబాద్ పెద్దమనిషి చేతిలో తేలాల్సిన బండారం మల్లన్న చేతిలో తేలింది. సాయంత్రం దుకాణం తెరిచే వేళకు ఇద్దరం బలద్‌లో ఉన్నాం.

ఖలీల్ భాయ్ క్యాసెట్టు వైపు చూడనైనా చూడలేదు. "సీలు తీసినంక నాకేం సంబంధం భాయ్?"

"సీలు తీయకుంటే దొంగదని ఎట్ల తెలుస్తది?"

"తెల్వదు కదా! అందుకే తీయొద్దన్న."

ఈ తర్కాన్ని కోసే కత్తి నా దగ్గర లేదు. మల్లన్న దగ్గర మాత్రం బొటనవేలి గోరుంది. షట్టరింగ్ పలకల్లోంచి మేకులు పీకి పీకి మేకులాగే తయారైన గోరు. ఆయన అరలోంచి ఇంకో సీలు డబ్బా తీసి, అంచున ఆ గోరు ఆనించాడు. పక్కనే ఒక సౌదీ కుర్రాడు, అలాంటి డబ్బానే చేతిలో పట్టుకుని, పర్సు తీయబోతున్నాడు.

"ఏయ్, ఏయ్! ఏం జేస్తున్నవ్ చాచా!"

"ఏం లేదు బిడ్డ. ఇది గూడ అసొంటిదేనా అని సూస్త. ఒక్కపారి గోడకు రుద్దితె తెలుస్తది."

సౌదీ కుర్రాడు తలెత్తి, ఏమైందని అరబ్బీలో అడిగాడు.

"మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్! ఏం లేదు, ఏం లేదు!" అంటూనే ఖలీల్ భాయ్ సొరుగు లాగాడు. నా నోట్లు నా చేతికి ఎంత తొందరగా వచ్చాయంటే, ఇచ్చినప్పటి మడత కూడా వాటికి పోలేదు. "క్యాసెట్ గూడ నువ్వే ఉంచుకో భాయ్. చాచాను బయటికి తీస్కపో, నీకు దండం పెడత!"

బయటికొచ్చాక పీల్చిన గాలి ఉందే, జెద్దా ఉక్కలో అంత చల్లని గాలిని నేను బాగుచేసిన ఏ ఏసీ కూడా ఇవ్వలేదు.

సెలవుకు ఇంటికెళ్లాను, శ్లాబు పడింది. పడిన రోజు సాయంత్రం ఆ దొంగ క్యాసెట్టును అడిగి తెచ్చిన పాత గేము పెట్టెలో గుచ్చి టీవీకి తగిలించాను. వెయ్యి ఆటలన్నది అబద్ధం, ఉన్నవి నాలుగే. వాటిలో మోటారు సైకిల్ పందెం ఒకటి. మొదటి మలుపులోనే నా బండి పల్టీ కొట్టింది. వెనక నిలబడి చూస్తున్న లత "అబ్బా!" అంది.

ఆడరాని ఆటను, తినరాని మిఠాయిని, తొడగరాని చొక్కాను ఈ జన్మలో కొనబోనని మల్లన్న బొటనవేలి గోరు సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను.

తిరిగి జెద్దా వెళ్లిన కొన్నాళ్లకు ఖలీల్ భాయ్ మా రూముకొచ్చాడు. ఆయనకు సెలవు దొరికింది. మల్లన్న చేతి కార్టన్ కావాలి. గల్ఫ్‌లో కోపాలు ఎన్నయినా ఉండొచ్చు, కార్టన్ దగ్గర ఎవరూ పట్టింపులకు పోరు. మల్లన్న ఎప్పటిలాగే శ్రద్ధగా కట్టాడు. "టేపు నేనేస్త అన్న, నువ్వు అలసిపోయినవ్," అన్నాను. ఏసీ గొట్టాలకు చుట్టే వెండిరంగు టేపు మా పనిలో కొదవా? అట్ట కనబడకుండా చుట్టాను. చుట్టినదాని మీద మళ్లీ చుట్టాను. ఖలీల్ భాయ్ మురిసిపోయి, దాన్ని వెండి బిందెలా భుజానికెత్తుకుని వెళ్లాడు.

ఆయన ఇల్లు చేరిన రోజే ఫోన్ వచ్చింది. వెనక పిల్లల గోల, ఏదో గిన్నె దొర్లిన చప్పుడు.

"క్యా రవి భాయ్! ఇది తెర్వనీకి వస్తలేదు! కత్తి వంగింది, కత్తెర విరిగింది, మా బేగం నన్నే కోసేటట్టున్నది. ఎట్ల తెర్వాలె?"

నేను గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"తోబా తోబా! సీలు తీస్తే విలువ పోతది భాయ్. తెర్వొద్దు. చూస్కుంట ఉండాలె, అంతే!"