అరుగు మీదికి వచ్చిన హార్మోనియం

వనపర్తిలో ఉద్యోగం ముగించుకొని సొంత ఊరు గద్వాలకు వచ్చాక, సాయంత్రాలు మగ్గాల వీధి పిల్లలకు పాట నేర్పడానికి ఒప్పుకున్నాను. నేతవాళ్ల కులసంఘం తమ భవనంలో ఒక గది ఇచ్చింది. భజన బృందం హార్మోనియం, తాళాలు అక్కడే ఉండేవి. పెద్దల భజన శనివారం రాత్రి కాబట్టి మిగతా సాయంత్రాలు అవి మావే. బడి నుంచి వచ్చి, ఇంట్లో కండెలు చుట్టడం అయ్యాక, ఆరేడేళ్ల పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చేవారు.

సరళీ స్వరాలతో మొదలుపెట్టాను. నాలుగు రోజులకే ఒకడు ఆవలించి, "మా మగ్గం గూడ పొద్దంత గిదే పాడ్తది సార్. దానికి పాఠం ఎవరు జెప్పలే," అన్నాడు. అందరూ పడిపడి నవ్వారు. ఇక లాభం లేదని తత్వాలకు దిగాను. చిన్న చిన్న చరణాలు, ఒకరు అంటే మిగతావాళ్లు అందుకునే పాటలు. వాటిని ఆ పిల్లలకు కొత్తగా నేర్పాల్సిన పనే లేదు. చెవుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఎందుకు ఉన్నాయో చెప్పాలి. ఆ వీధిలో ఎవరు చనిపోయినా ఆ రాత్రి భజన బృందం హార్మోనియం మోసుకుపోయి శవం పక్కన కూర్చుని తెల్లవార్లూ తత్వాలు పాడుతుంది. హార్మోనియాన్ని అక్కడ పెట్టె అంటారు. పెట్టె భవనం గడప దాటేది చావుకే. దాన్ని చూస్తే మగ్గాలు ఆపేసి "ఎవరింటికి?" అని అడుగుతారు తప్ప "ఎందుకు?" అని ఎవరూ అడగరు.

ఆ ఏడు శ్రావణంలో వాన వదలకుండా పట్టుకుంది. భవనం కప్పు కారి గది మడుగైంది. మా పిల్లల్లో ఏడేళ్ల అమ్మాయి ఉండేది. వాళ్లమ్మ వచ్చి, "మా అరుగు మీద జెప్పుండ్రి సార్. మా మామ లోపల ఒక్కడే పండుకొని ఉంటడు. జర పిల్లల సప్పుడుంటే ఆయనకు గూడ పొద్దుపోతది," అంది. ఆమె మామ పాత నేతగాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కర్నూలు దవాఖానలో తీయించి, అప్పుడే తీసుకొచ్చారు. గండం గడిచింది, వేళకు తిని మందులు వేసుకుంటే లేచి తిరుగుతాడని డాక్టర్లు చెప్పి పంపారు.

పాఠానికే కదా అనుకున్నాం, ఆచారం సంగతి ఎవరికీ తట్టలేదు. ఇద్దరు మగవాళ్లు పెట్టెకు ప్లాస్టిక్ పట్టా కప్పి ఎత్తుకున్నారు. పిల్లలు తాళాలు పట్టుకొని నీటి గుంటల్లో గంతులేస్తూ ముందు నడిచారు. మేం పోతుంటే ఒక్కో ఇంట్లో మగ్గం ఆగిపోతోంది. ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క. వీధిలో వాన చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. గడపలో నిలబడ్డ ఒక ముసలమ్మ, "ఎవరింటికి?" అంది.

ఆ అమ్మాయి గర్వంగా, వీధి అంతా వినబడేలా, "మా ఇంటికే!" అని అరిచింది.

అరుగు మీద చాప పరిచి, రోజూలాగే తత్వం ఎత్తుకున్నాం. ఆ రాత్రి అలవాటు ప్రకారం డైరీలో వాన సంగతీ పాట సంగతీ రాశాను. లోపల పడుకున్న పెద్దాయన గురించి రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. "నిన్నటి సంది మా నాయన బువ్వ ముట్టలేదు సార్. మందులు ఊంచేస్తుండు. పెట్టె ఎందుకొచ్చిందో నాకు తెల్వదా అంటుండు."

వెంటనే వెళ్లాను. పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"పిల్లలకు పాఠం చెప్పడానికి తెచ్చాం. మీ కోసం కాదు," అన్నాను.

"మగ్గాలన్నీ ఆగినయి సారూ. అన్నీ అబద్ధం ఆడుతయా?"

"మల్దకల్ తిమ్మప్ప మీద ఒట్టు."

"సచ్చేటోనికి ఎవడు నిజం జెప్తడు?" అని కళ్లు మూసుకున్నాడు. "డాక్టరు వీళ్లకు ఏదో జెప్పిండు. నాకు జెప్తలేరు. గంతే."

పెట్టెను తిరిగి భవనానికి పంపించేశాం. దాంతో పరిస్థితి ఇంకా చెడింది. తీసుకుపోతున్న చప్పుడు విని కోడలిని పిలిచి, "ఈ దినం కాదన్నట్టు. మరి రేపా?" అని అడిగాడట. మంచినీళ్లు తప్ప ఏదీ పుచ్చుకోలేదు. కర్నూలుకు మళ్లీ తీసుకుపోతామంటే మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడట.

మాటలతో లాభం లేదని నాకు అర్థమైంది. ఆయన నమ్మేది ఆచారాన్ని. అయితే ఆచారంలోనే ఇంకొకటి ఉంది. శవం ఉన్న ఇంట్లో మంగళహారతి పాడరు. అది పెళ్లికీ, వ్రతానికీ, తొట్టెలలో బిడ్డను వేసేటప్పుడూ పాడేది. పెట్టె ఇంటికి వచ్చినా దాని మీద హారతి పాడారంటే ఆ ఇంట్లో చావు లేదని అర్థం. కోడలికి చెబితే, "జల్దీ నేర్పుండ్రి సార్," అంది.

కారే గదిలోనే ఒక మూల కూర్చోబెట్టి నేర్పాను. హారతి నడక నిదానం, చరణాలు పొడుగు. పిల్లలు సగం దాకా వచ్చి తత్వం ఊపులోకి జారిపోయేవారు. ఎన్నిసార్లు ఆపినా అంతే. నోటికి వచ్చిన పాటను మళ్లించడం ఇంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి రాలేదు. నేను వాకిలి వైపే చూస్తూ వాయించాను. ఆలస్యంగా వచ్చి చివర కూర్చుంది. "తాతకు నీళ్లు తాపి వచ్చిన సార్. చెంచతోని," అంది. గ్లాసు పట్టుకునే స్థితి కూడా దాటిపోయిందన్నమాట. పాట ఇంకా కుదరలేదు. అయినా మర్నాడే బయలుదేరాం.

ఈసారి కోడలు పసుపు కుంకుమలు, వెలిగించిన దీపం పళ్లెంలో పెట్టుకొని పెట్టెకు ముందు నడిచింది. మగ్గాలు అలాగే ఆగాయి. జనం మాత్రం గడపల్లోంచి దిగి మా వెనక వచ్చారు. అరుగు మీద కాదు, మంచం పక్కనే కూర్చున్నాం. పిల్లల గొంతులు తలో దారి పట్టాయి. పెద్దాయన ముఖంలో కదలిక లేదు. ఊపిరి ఉందో లేదో చూడటానికి కొడుకు వంగాడు.

పాట అయిపోయిన చాలాసేపటికి పొడి గొంతు వినిపించింది. "హారతి గదా. ఎవరి పెండ్లి?"

"నీదే తాతా!" అంది మనవరాలు.

పెదవులు కొంచెం కదిలాయి. "అయితే పెండ్లి బువ్వ ఏదే?"

ఆ పూట అర గ్లాసు జొన్న జావ తాగాడు. రాత్రి మందు మింగాడు. తర్వాత గోడ పట్టుకొని అరుగు దాకా రావడం నేను చూశాను. సంగతి అక్కడితో ముగిసిందని నా లెక్క.

వీధి లెక్క వేరు. పిల్లలు హారతి పాడి యముణ్ని గడపలోంచి వెనక్కి పంపారని చెప్పుకున్నారు. నేను నవ్వి కొట్టిపారేశాను. ఒక సాయంత్రం భవనం మెట్ల మీద వెనక వీధి ఆవిడ నిలబడి ఉంది. ఆమె భర్తకు కాలేయం చెడిపోయి, ఇక చేసేదేమీ లేదని దవాఖాన ఇంటికి పంపిందని ఊరందరికీ తెలుసు.

"పెట్టె తీస్కొని రండ్రి సార్. పిల్లల్ని గూడ."

పెద్దాయన జబ్బు వేరని, ఆయన భయంతో తిండి మానేశాడని, పాట పోగొట్టింది ఆ భయాన్నేనని వివరంగా చెప్పాను. ఆమె అంతా వింది.

"ఆయనకు పాడిండ్రు గద. మా ఆయన ఏం పాపం జేసిండు?"

నా వెనక పిల్లలు అప్పటికే తాళాలు చేతుల్లోకి తీసుకున్నారు. పందెం గెలిచినవాళ్లలా ముఖాలు వెలుగుతున్నాయి. కింద పెట్టమన్నాను. ఆ ఏడేళ్ల అమ్మాయి మాత్రం పెట్టలేదు.

"మనం పోకుంటే ఆయన సచ్చిపోతడా సార్?"

ఆవిడ కూడా జవాబు కోసం నా వైపు చూసింది. పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మంచం పక్కన పాడుతున్నప్పుడో, పాడి వచ్చాకో ఆయన ప్రాణం పోతుంది. ఆ చావు తాము తాళం తప్పడం వల్లే వచ్చిందని ఈ పిల్లలు అనుకుంటారు, పెద్దయ్యాక కూడా. పెట్టెకు బట్ట కప్పాను. పాఠం లేదని చెప్పి, ఒక్కొక్కరినీ చేయి పట్టుకొని ఆమె పక్క నుంచి మెట్లు దింపి ఇళ్లకు పంపాను.

గదికి తాళం వేసి వచ్చేసరికి ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. పొద్దుగూకింది, ఇంటికి వెళ్లమ్మా అన్నాను. లేవలేదు.