గంజి పెట్టిన ముడి

మా కాలేజీలో మేం కట్టిన ఉపగ్రహం మిఠాయి డబ్బా కంటే పెద్దదేమీ కాదు. జానెడు కూడా లేని పెట్టె, కిలో పైచిలుకు బరువు. చుట్టూ సౌరఫలకాలు, లోపల బ్యాటరీ, రేడియో, చిన్న కెమెరా. వడ్రంగుల స్టీలు టేపు ముక్కలే యాంటెన్నాలు. వాటిని మడిచి నైలాన్ దారంతో కట్టేస్తాం. రాకెట్ నుంచి విడిపోయాక ఓ తీగచుట్ట వేడెక్కి ఆ దారాన్ని కరిగించాలి, యాంటెన్నాలు విచ్చుకోవాలి. విచ్చుకోకపోతే మా పెట్టె మూగది. అంతే సంగతులు.

ఆఖరి ముడి వేసింది నా స్నేహితురాలు. పొందూరు పిల్ల, ఇంట్లో అందరిదీ మగ్గం పనే. మా అందరిలో చేయి వణకనిది అదొక్కతే. పరీక్షించినప్పుడల్లా తీగ వేడెక్కగానే దాని ముడి చక్కగా తెగింది. పెట్టెను ప్రయోగానికి పంపేశాక, హాస్టల్ మెస్సులో అన్నం కలుపుతూ నెమ్మదిగా అంది:

"ఒసే, ఆకరి ముడికి కూసింత గంజి రాసేనే."

"ఏటీ?"

"నైలాన్ కదా, జారిపోతాదని బయ్యమేసింది. ఇంట్లో మగ్గం మీద పడుగు దారాలకి రాస్తాం గదా, సెయ్యి అలాగెల్లిపోనాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ దుంప తెగ! గంజి రాసి ఒక్కసారైనా కాల్చి సూసేవా? అది మాడి అంటుకుపోతే ఏటి గతి?" అని మెస్సంతా వినబడేలా అరిచాను. మా సారుకి చెబితే, "ఇప్పుడేం చెయ్యగలం, చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం'తో ప్రయోగం రోజు దాకా మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

ప్రయోగం బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్నే కాలేజీ డాబా మీద రిసీవర్ చుట్టూ చేరాం. ఉపగ్రహం మా నెత్తిమీదుగా పోతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాం. గరగరమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. సాయంత్రమూ అంతే. మర్నాడూ అంతే. బ్యాటరీ పోయిందేమో, రేడియో చెడిందేమో, ఎవరు చూశారు? అయినా అందరి చూపులూ నా స్నేహితురాలి చేతుల మీదే. వాళ్ల మీద నాకు ఎంత కోపమొచ్చిందో!

నెలలు గడిచినా అది రోజూ డాబా ఎక్కి వింటూనే ఉంది. ఓ సాయంత్రం నేనూ వెళ్లాను.

"ఇంకెన్నాళ్లు ఇంటావే? కిందకి రాయే," అన్నాను.

"మన పెట్టె ఇంకొన్నేళ్లు తిరుగుతాది. ఆనక కిందకి జారి గాల్లో కాలిపోతాది," అంది ఆకాశం వైపు చూస్తూ.

"ఊఁ."

"అప్పుడైనా ఆ ముడి తెగుతాది కదే."

నాకు ఏడుపు ఆగలేదు.