డేగమ్మ కాపలా

మా మేనత్తని ఆ కొండల్లో అందరూ డేగమ్మ అంటారు. అడవికి మంటల కాపలా ఆవిడ ఉద్యోగం. కొండ కొమ్మున ఇనుప టవర్ మీద, నాలుగు వైపులా అద్దాలున్న చిన్న గదిలో ముప్పై ఒక్క వేసవులు కూర్చుంది. ఎక్కడ పొగ లేచినా అందరికంటే ముందు ఆవిడే పట్టేసి వైర్‌లెస్‌లో చెప్పేది. కింద స్టేషన్‌లో సైరన్ మోగేది. చెట్ల జిగురు తీసుకునేవాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి వాగు దాటి వచ్చేసేవాళ్ళు. అందుకే ఆ పేరు వచ్చింది.

ఇరవై ఏళ్ళుగా మా వైపు వాళ్ళనెవరినీ రమ్మనని మనిషి, కిందటి వేసవిలో నాకు ఫోన్ చేసి, "అడవి చూద్దువుగానీ రావే, వానలు పడేదాకా ఉండి పో" అంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. ఇతరుల తప్పులు పట్టి బతికేదాన్ని కాబట్టి నా చూపు మీద నాకు కాస్త పొగరెక్కువ. ట్యూబులైటు కింద అక్షరాలు చూసి చూసి విసుగెత్తిపోయి ఉన్నాను. పిలిచిందే చాలని బట్టలు సర్దుకున్నాను.

బస్సు దిగాక జీపులో రెండు గంటల ప్రయాణం. మొదట చెట్లు ఎంత ఎత్తున్నాయంటే, తల వెనక్కి వాల్చినా కొసలు కనిపించలేదు. పైకి పోతున్నకొద్దీ పొట్టివైపోయాయి. కొమ్ము దగ్గర ఉన్నవన్నీ గాలికి ఒకే పక్కకి వంగి, మానుల నిండా నాచు పట్టి ఉన్నాయి. ఇంజను ఆపితే చెవులు గుయ్యిమనేంత నిశ్శబ్దం. నాకు సంతోషం కంటే ముందు భయమే వేసింది. ఇక్కడ అరిచినా వినేవాళ్ళు ఉండరని అనిపించింది.

రెండు గదుల రాతి క్వార్టరు, వెనకే టవర్. మావయ్య ఒకప్పుడు లారీ నడిపేవాడు. ఇప్పుడు ఒక చేత్తో గరిట, ఇంకో చేత్తో కర్ర. "ఈ మోకాళ్ళు అలిగాయమ్మాయ్, ఎంత బతిమాలినా మెట్లెక్కనంటున్నాయి" అన్నాడు నవ్వుతూ. ఆ మాటకి అత్త మాత్రం నవ్వలేదు.

టవర్‌కి తొంభై ఆరు మెట్లు. అచ్చాఫీసులో రెండో అంతస్తుకే ఆయాసపడే నేను అవి ఎక్కడమంటే, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టే. అత్త మాత్రం కమ్మీ పట్టుకోకుండా చకచకా ఎక్కేసింది. పైన గది మధ్యలో గుండ్రటి బల్ల, అంచు చుట్టూ దిక్కుల అంకెలు, పక్కన రిజిస్టరు, వైర్‌లెస్ సెట్టు. బైనాక్యులర్స్ నా మెడలో వేసి, "ఏం కనిపిస్తోందో చెప్పు" అంది.

నేను చెప్తూ పోయాను. ఎడమన మూడు గట్లు, మధ్యలో వాగు, వాగు అవతల ఒత్తుగా పెద్ద చెట్లు, అక్కడక్కడా లోయల్లో తెల్లగా మంచు. అత్త నా చేత గంటకోసారి ఇదే చెప్పించింది. చుట్టాన్ని కదా, ముచ్చట తీరుస్తోంది అనుకున్నాను. మంచుకీ పొగకీ తేడా నేర్పింది. "మంచుకి కాళ్ళుండవే. పొగ ఒంటికాలి మీద నిలబడుతుంది. తెల్లగా ఏం కనబడినా నూరు అంకెలు లెక్కపెట్టేదాకా కన్ను తియ్యకు. ఈలోగా మంచైతే జరిగిపోతుంది, పొగైతే అక్కడి నుంచే లేస్తుంటుంది. తొంభై తొమ్మిది దగ్గర కూడా ఆపకు."

మూడో రోజు అసలు సంగతి తెలిసింది. నేను రిజిస్టరు బల్లకి ఇటు పక్కన పెట్టాను. అత్త ఎప్పుడూ ఉండే చోట చేత్తో తడిమింది, దొరకలేదు. మూరెడు దూరంలో ఉన్న పుస్తకం కోసం బల్లంతా వెతికింది.

"ఎన్నాళ్ళయింది అత్తా?"

"రెండేళ్ళు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే."

"మరి కాపలా?"

"మీ మావయ్య చూసి చెప్పేవాడు, నేను సెట్టులో చెప్పేదాన్ని. ఈ ఏడు ఆయన ఎక్కలేడు. అందుకే నువ్వు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అడవి చూద్దువుగానీ అని పిలిచి నా నెత్తిన ఇంత బరువు పెడుతుందా? కిందికి దిగి మావయ్య మీద కూడా ఎగిరాను. కాపలాకి కళ్ళున్న మనిషిని పంపమని చెప్పేయండి అన్నాను. "చెప్తే మర్నాడే క్వార్టరు ఖాళీ చెయ్యాలమ్మా" అన్నాడు మావయ్య. అత్త వెనకే వచ్చి, "క్వార్టరు పోతే పోనీ. కొండ దిగితే నేనెవర్నే? అక్కడ నన్ను డేగమ్మ అంటారా, గుడ్డిదంటారా? వానలు పడేదాకా చాలు. పడగానే నేనే కాగితం రాసిచ్చి దిగిపోతాను" అంది. అంత గట్టి మనిషి బతిమాలడం నేను అప్పుడే చూశాను. ఉంటానన్నాను, కానీ మనసులో మంట చల్లారలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్న తొమ్మిదింటికి రెండో గట్టు వెనక తెల్లగా కనిపించింది. ముందు రోజు సాయంత్రం మళ్ళీ ఇదే గొడవతో మాటా మాటా అనుకుని ముక్తసరిగా ఉన్నాం. "ఏమైనా ఉందా?" అంది అత్త. నేను లెక్క మొదలుపెట్టాను. ఇరవై దాకా వచ్చి విసుగొచ్చింది. గట్టు అడ్డుండడంతో కాలు ఉన్నదీ లేనిదీ తెలియలేదు. రోజూ చూస్తున్న మంచే కదా అనుకుని, బైనాక్యులర్స్ దించి టీ గ్లాసు అందుకున్నాను.

"మంచు" అన్నాను.

"నూరు లెక్కపెట్టావా?"

"ఆ, పెట్టాను."

అత్త సెట్టులో "అంతా ప్రశాంతం" అని చెప్పింది. రిజిస్టరులో నేనే రాశాను. ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ హఠాత్తుగా లేచి అద్దం తోసింది. గాలిని పీల్చి, "జిగురు కాలుతోందే" అని కేక పెట్టింది. నేను చూసేసరికి రెండో గట్టు మీద నల్లటి పొగ నిలువుగా నిలబడి ఉంది. నేను బల్ల మీది అంకె చదివి చెప్తే, అత్త సెట్టులో దిక్కూ గట్టూ తడబడకుండా చెప్పింది. సైరన్ మోగింది.

మంట ఆర్పడానికి రెండు రోజులు పట్టింది. వాగు అవతల పెద్ద చెట్లన్నీ పోయాయి. ప్రాణనష్టం లేదనీ, జిగురు తీసే ఒకాయన రెండు చేతులూ కాలి ఆసుపత్రిలో ఉన్నాడనీ తెలిసింది. ఆ రెండు రోజులూ అత్తా నేనూ ఆ ఇరవై నిమిషాల ఊసెత్తలేదు. నూరు లెక్కపెట్టలేదని ఆవిడకి ఇంకా చెప్పలేదు. తెలుసో లేదో అడిగే ధైర్యమూ లేకపోయింది.

మూడో రోజు ఫారెస్టు ఆఫీసరు జీపులో వచ్చాడు. గట్టు వెనక మంటని ఇంకెవరూ పట్టలేకపోయేవారని మెచ్చుకున్నాడు. "డేగమ్మగారూ, మిమ్మల్ని ఇంకో రెండేళ్ళు ఉంచమని పైకి రాస్తున్నాను" అన్నాడు. మావయ్య కర్ర మీదికి వాలి ఊపిరి పీల్చుకున్నాడు. ఉన్నమాట చెప్తాను, నాకూ ఊపిరి వచ్చింది. అత్త నోరు విప్పకపోతే నా తప్పు కూడా ఆ బూడిద కిందే ఉండిపోతుంది.

జీపులోంచి ఇంకో మనిషి దిగింది, చేతులు కాలినాయన భార్య. దండం పెట్టుకోవాలనే వచ్చానంటూ తిన్నగా వచ్చి అత్త రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చూడబట్టి మా బిడ్డలు దక్కారు తల్లీ. నీ కళ్ళు చల్లగుండాలి" అంది.

అత్త ముఖం మాడిపోయింది. మావయ్య "ఏమేవ్" అని గొంతు సవరించాడు. అత్త ఆ చేతులు వదల్లేదు.

"ఈ కళ్ళు ఏమీ చూళ్ళేదమ్మా. రెండేళ్ళుగా ఇవి చూడవు. వాసనొచ్చాక చెప్పాను. అప్పటికే ఇరవై నిమిషాలు దాటిపోయింది."

ఆఫీసరు "ఏంటమ్మా మీరనేది?" అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె మాత్రం మెల్లగా చేతులు లాక్కుంది.

"ఇరవై నిమిషాలా? సైరన్ లేదు, చిన్న మంటేలే అని కత్తులూ డబ్బాలూ తెచ్చుకోడానికి లోపలికి పోయాడు మా ఆయన. మోగుంటే పోయేవాడు కాదు." తలెత్తి టవర్ వైపు చూసింది. "మరి ఆ పొద్దున పైనుంచి చూసిందెవరు?"

"నేనేనమ్మా. డ్యూటీ నాది, తప్పూ నాదే" అంది అత్త గబగబా.

"నీకు కనబడదంటున్నావుగా. చూసిందెవరని అడుగుతున్నా."

అత్త చెయ్యి వెనక్కి వచ్చి నా కోసం గాల్లో తడిమింది. నా మణికట్టు దొరికాక, మాట్లాడొద్దన్నట్టు నొక్కింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆవిడకి మొదటి నుంచీ తెలుసని.

"నేను చూశాను" అన్నాను. "మంచన్నాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నీకు కళ్ళు బాగానే కనబడతాయిగా?" అని అడిగింది.

"కనబడతాయి" అన్నాను.