గోగు మొక్కలకు ఊదా దీపం

వెలుతురును కొలవొచ్చని, కొలిచినా అది మనకు కావలసిన వెలుతురు కాకపోవచ్చని నాకు ఇరవై మూడేళ్లు వచ్చేదాకా తెలియదు. ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కాదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజులే) నేను ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఒక మేడం గారి దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుని. మా ప్రాజెక్టు గోగు మీద. మా వైపు నార కోసం వేసే పైరే, లేతాకు కూర వండుకుంటారు. పగటి పొద్దు తగ్గితే గానీ గోగు పూయదు. కాబట్టి వెలుతురు గంటలు పెంచీ తగ్గించీ ఏ రకం ఎప్పుడు మొగ్గ తొడుగుతుందో చూడాలి. లాబులో చేద్దామంటే సాయంత్రం అయిదయ్యేసరికి వాచ్‌మన్ మెయిన్ ఆపేసి వెళ్లిపోయేవాడు. ఆపవద్దని కాగితం రాసి అంటిస్తే, ఆ కాగితాన్ని జాగ్రత్తగా పైకెత్తి మరీ ఆపేవాడు. చివరికి మేడం అనుమతితో నలభై కుండీల్నీ నేను అద్దెకున్న ఇంటి వెనక గదిలోకి మోయించాను.

ఇక దీపాలు కావాలి. మా అక్క మొగుడికి ఆమదాలవలసలో ఎలక్ట్రికల్ షాపుంది కదా అని బావ దగ్గరికి వెళ్లాను. అది నా మొదటి పొరపాటు. ఎన్ని వాట్లది కావాలో చెప్పమన్నాడు. వాట్లు కాదు బావా, ఆకు మీద ఎంత పడుతుందన్నది ముఖ్యం అన్నాను. సరే, ఎన్ని వాట్లది కావాలో చెప్పమన్నాడు. ఎరుపూ నీలమూ కలిసిన ఎల్‌ఈడీ ప్యానెళ్లుంటాయని ఫోన్లో బొమ్మ చూపిస్తే, జాలిగా నా వంక చూసి, "ఒరే, మొక్కకి కళ్లున్నాయేటి రంగులు సూడ్డానికి? ట్యూబులైటు ఎట్టు, అదే పెరుగుతాది" అన్నాడు. రెండు ట్యూబులైట్లు చంకలో పెట్టి మరీ పంపాడు.

ఇంటర్నెట్ తెరిస్తే ఇంకో బాధ. గదిలో దీపాల కింద మొక్కలు పెంచడం గురించి లోకంలో శ్రద్ధగా రాసినవాళ్లందరూ గంజాయి పెంచేవాళ్లే (వాళ్ల దేశాల్లో చట్టం ఒప్పుకుంటుందట). దీపం ఎంత ఎత్తున వేలాడదీయాలి, ఏ వయసు మొక్కకి ఎంత వెలుతురు, ఏ మీటరు నిజం చెబుతుంది, ఏది అబద్ధమాడుతుంది, అన్నీ వాళ్లే రాశారు. గోగు గురించి ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు. ఏదో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి ఆ లెక్కలన్నీ గుండ్రటి అక్షరాలతో నోటుబుక్కులోకి ఎక్కించాను. పద్ధతైన మనిషిని కనక ప్రతి పేజీ పైనా 'గంజాయి' అని శీర్షిక రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

ప్యానెళ్లు పార్సిల్లో వచ్చాయి. గదంతా ఊదా రంగు. అద్దంలో నా మొహం వంకాయలా కనపడేది. వెలుతురు కొలవడానికి బావ నా ఫోన్లో ఒక యాప్ వేయించాడు. అది కిటికీ వైపు తిప్పితే ఒకటి, గోడ వైపు తిప్పితే ఒకటి, ఊరికే పట్టుకుంటే ఇంకొకటి చూపించేది. విసిగిపోయి లక్స్ మీటరు ఒకటి తెప్పించాను. అది మా దీపాల కింద, మబ్బు పట్టిన రోజు వరండాలో ఉన్నంత వెలుతురు కూడా లేదంది. అయ్యో, మొక్కలు పస్తులుంటున్నాయని ప్యానెళ్లను జానెడు ఎత్తుకి దించాను. మూడో రోజుకి పై ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

మేడం వచ్చి, తెల్లబడ్డ ఆకొకటి తిప్పి చూశారు. తరువాత, "ఆ మీటరు మన కంటికి ఎంత కనిపిస్తుందో చెబుతుందయ్యా. ఆకుకి ఎంత అందుతుందో చెప్పదు" అన్నారు. ఎరుపు, నీలం మన కంటికి తక్కువగా ఆనుతాయి, ఆకుకి కావలసినవి అవే. ఆకు లెక్కన కొలిచే మీటరు డిపార్టుమెంటులోనే ఉందట, బీరువాలో. బీరువా తాళం గుమస్తా జేబులో. గుమస్తా పది రోజుల సెలవులో. ఆ పది రోజులూ నేను మొక్కలకి ఎలా క్షమాపణ చెప్పుకున్నానో నాకే తెలుసు.

మీటరొచ్చాక అంతా దారిన పడింది. కొత్త ఆకులు గంజాయి ఆకుల్లాగే అయిదు వేళ్లతో, రంపపు అంచులతో నవనవలాడాయి. సగం కుండీలకి రోజూ నాలుగింటికే నల్లగుడ్డ కప్పి చీకటి చేసేవాణ్ని. ఇవన్నీ వెంటిలేటర్లోంచి చూస్తున్న, ఇల్లు అద్దెకిచ్చిన పిన్నిగారు, ఊదా దీపమూ నల్లగుడ్డా ఆ ఆకు తీరూ కలిపి ఆలోచించి, గంజాయేనని గ్రామ సచివాలయంలో చెప్పేశారు.

ఒక సాయంత్రం మహిళా పోలీసు వచ్చింది. నా వయసే ఉంటుంది, మర్యాదగానే ఉంది. ముందు నోటుబుక్కు తెరిచింది. నాలుగు పేజీలు తిప్పింది, నాలుగింటి పైనా 'గంజాయి' శీర్షికే. కేసు రాస్తే నా ఉద్యోగమే కాదు, మేడం ప్రాజెక్టూ పోతుంది. "ఈ మొక్క పేరేటండి?" అని అడిగింది. గోగు అంటే సరిపోయేది. నేను నిటారుగా నిలబడి శాస్త్రీయనామం చెప్పాను. హైబిస్కస్ కన్నాబినస్.

"కన్నాబిస్సా? గంజాయి కదండి అది?"

"కాదండీ, కన్నాబినస్."

ఆవిడ రాసుకుంది. ఏది రాసుకుందో నాకు కనపడలేదు. నల్లగుడ్డలు ఒక్కొక్కటే పైకి లేచాయి. నెల్లాళ్లుగా లెక్కపెట్టి కాచిన చీకటి మీద టార్చిలైటు పడింది. వద్దండీ, వెలుతురు తగలకూడదు అని నేను బతిమాలినకొద్దీ అనుమానం పెరిగింది. ఇంతలో గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు లోపలికొచ్చి, ఒక ఆకు గిల్లి నోట్లో వేసుకున్నారు. నమిలారు. మొహం ముడిచారు.

"పుల్లగా ఉన్నాది. గోగేనమ్మా ఇది, మా సేలో ఏస్తాం కదా" అన్నారు, ఫిర్యాదు ఇంకెవరో చేసినట్టు. మహిళా పోలీసు కూడా ఒక ఆకు నమిలి, మేడంతో ఫోన్లో మాట్లాడి, రాసింది కొట్టేసి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది.

నేను తలుపు దాకా సాగనంపి వచ్చేసరికి పిన్నిగారు కొంగు నిండా లేతాకు కోసేశారు. ఎలాగూ గుడ్డలు తీసేశారు కదా అన్నారు. నెల రోజుల ప్రయోగం అలా కూరాకైపోయింది.

గంట తరువాత గిన్నెతో గోగుకూర పప్పు తెచ్చిపెట్టారు. గుమ్మంలోనే నిలబడి, "ఉప్పు సరిపోయిందేటి బాబూ?" అని అడిగారు. నేను నలభై మొక్కల గురించీ, నెల్లాళ్ల చీకటి గురించీ కటువుగా చెప్పాను. విని, తలూపి, మళ్లీ ఉప్పు సంగతే అడిగారు. ఈసారి బదులే ఇవ్వలేదు. ఆవిడ మెల్లగా వెళ్లిపోయాక గిన్నె ఖాళీ చేశాను, కోపంగానే, రెండుసార్లు అన్నం పెట్టుకుని.

మొక్కలు మళ్లీ వేశాం, ప్రాజెక్టూ అయింది, నేనూ ఆ ఊరు మారాను. ఆ మొగ్గలు ఎన్నో రోజున తొడిగాయో ఇప్పుడు అడిగితే చెప్పలేను. పిన్నిగారు అడిగింది మటుకు గుర్తుంది. సరిపోయింది పిన్నిగారూ, సరిగ్గా సరిపోయింది. ఈ చిన్న మాట ఆ ఉడుకుమోతు కుర్రాడి చేత అప్పుడే చెప్పించడానికి పక్కన ఎవరైనా ఉండి, నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి ఉండాల్సింది.