అన్నం మరిచిన సేనాపతి

మా బావ లెక్కలో ప్రపంచంలో ఇద్దరే మేధావులు. ఒకడు ముక్కు కింద బొటనవేలంత మీసం పెట్టుకుని సగం యూరప్‌ను తగలబెట్టిన జర్మనీ నియంత. రెండోవాడెవరో బావ పైకి చెప్పడు. మర్యాదస్తుడు.

నేను వంటవాణ్ణి. తొమ్మిదో తరగతిలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలించుకుందో ఇప్పటికీ తేలలేదు. గరిటె పట్టుకునే సిడ్నీ దాకా వచ్చాను. ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఉంటాను. అక్కా బావా కెల్లీవిల్‌లో ఉంటారు. బావ ఆఫీసులో ప్రాజెక్టులు నడుపుతాడు, ఆ అలవాటు మీద ఇంట్లో మనుషుల్ని కూడా నడుపుతాడు. ఆయన గరాజ్‌లో కారుకు చోటు లేదు. సోఫాలు, ఒక ఫ్రిజ్, గోడంత టీవీ. ఆ టీవీలో ఎప్పుడు చూసినా నలుపు తెలుపు ట్యాంకులు బురదలో పోతుంటాయి. ఆదివారం సాయంత్రాలు నలుగురు తెలుగు మగాళ్ళు అక్కడ చేరి, చేతిలో బీరుతో, ఎప్పుడో ఓడిపోయిన యుద్ధాన్ని జర్మనీ తరఫున గెలిపించాలని చూస్తుంటారు. ఇంటి కప్పులో దూరిన, పిల్లంత పోసమ్ జంతువును బయటికి పంపిన అనుభవం కూడా వీళ్ళలో ఒక్కడికీ లేదు.

"ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టాడ్రా!" అంటాడు బావ. "మన కిచెన్ రెనొవేషన్‌కి ఎనిమిది నెలలు పట్టింది. జీనియస్! ఆ రష్యా చలే లేకపోతేనా..."

"అక్కడ చలికాలం వస్తుందని ఆయనకెవరూ చెప్పలేదా బావా? ఏటా వస్తుందటగా," అన్నాను ఒకసారి.

"నువ్వు పకోడీలు చూసుకోరా. స్ట్రాటజీ సంగతి నీకేం తెలుసు?"

నాకు తెలియదు. మా మేనకోడలికి తెలుసు.

అక్కాబావలకు ఒక్కతే కూతురు, పదకొండో క్లాసు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. చరిత్ర పాఠం కింద ఆ పిల్ల క్లాసు ముందు నిలబడి ఏడు నిమిషాలు మాట్లాడాలి. ఆ నియంత సేనాపతిగా ఎంత సమర్థుడో సొంతంగా తీర్పు చెప్పాలి. సంగతి చెవిన పడ్డమే ఆలస్యం, బావ రెండు వీకెండ్లు కూర్చుని ఇరవై రెండు స్లైడ్లు తయారుచేసిపెట్టాడు. మొదటి స్లైడ్ నిండా ఒకటే మాట: జీనియస్. పిల్ల లైబ్రరీ పుస్తకాలు చదివింది, దాని తీర్పు వేరు. కానీ ఆ ఇంట్లో బావ స్లైడ్ల మీద అప్పీలు లేదు.

"స్పీచ్ రోజు నేను నాన్న బ్లూటూత్ స్పీకర్‌ని, మామయ్యా," అంది నాతో. "ఐ జస్ట్ ఓపెన్ మై మౌత్, హిజ్ వాయిస్ కమ్స్ అవుట్."

నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

శనివారాలు లైబ్రరీ నుంచి దాన్ని ఇంటి దగ్గర దింపేది నేనే. దారి పొడుగునా యుద్ధం చెప్పేది. వేసవిలో రష్యా మీద పడ్డాడట, చలికాలం వచ్చేలోపే పనైపోతుందనే ధీమాతో. చాలామంది సైనికులకు చలికోట్లు లేవు. మంచు పడ్డాక, ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గర బొచ్చుకోట్లు అడిగి పోగుచేశారట. రష్యా రైలు పట్టాల వెడల్పు వేరట, ఇతగాడి రైళ్ళు వాటి మీద నడవవట, మార్చుకుంటూ పోవాలట. టీవీ వాళ్ళు చూపించేది ట్యాంకులనే, వెనకాల సామాను లాగింది లక్షల గుర్రాలు.

"అంటే ఊరందరినీ పెళ్ళికి పిలిచి, బియ్యం ఎవరు తెస్తున్నారో అడగడం మర్చిపోయాడన్నమాట," అన్నాను.

పిల్ల ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. నేను అన్న మాటను ఒకరు రాసుకోవడం అది రెండోసారి. మొదటిసారి రాసుకున్నది మా హెడ్మాస్టరు, మా నాన్నకు పంపడానికి.

ఇక నాకు రుచి తగిలింది. వంటింటి కొలతతో కొలిస్తే ఆ మనిషి నామకరణం భోజనాలకు కూడా పనికిరాడు. మొదట్లో గెలిచిన ఆటలు పేకాటరాయుడి గెలుపులు. ఎదుటివాడు కునుకు తీస్తుంటే పడిన ముక్కలు. ఫ్రాన్స్‌ను పడగొట్టిన ఎత్తు కింద పనిచేసే ఒక సేనానిదట, పారాక తనదేనన్నాడు. బ్రిటన్ సంగతి తేలకుండానే రష్యా మీద పడ్డాడు. రష్యాలో పీకల్దాకా కూరుకుపోయి ఉండగా, ఎవరూ అడక్కుండానే, అమెరికా మీద కూడా యుద్ధం ప్రకటించాడు. ఒక పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే రెండో పొయ్యి మీద నూనె మరిగించి, మూడో పొయ్యికి అగ్గిపుల్ల గీసేవాణ్ణి మేం వంటింట్లోంచి గెంటేస్తాం. వోల్గా నది ఒడ్డున ఒక పెద్ద సైన్యాన్ని శత్రువు చుట్టుముడితే, వెనక్కి అడుగు వెయ్యొద్దన్నాడు. తిండి విమానాల్లో పంపుతామన్నారు, పంపింది ఏ మూలకూ చాలలేదు. అప్పుడు మన మేధావి ఏం చేశాడు? ఆ సైన్యాధిపతికి ప్రమోషన్ పంపాడు, అంత పెద్ద హోదాలో ఉన్నవాడు ప్రాణాలతో లొంగడు కదా అని. ఆకలన్నవాడి విస్తట్లో బిరుదు వడ్డించాడు. వాడు బిరుదు పుచ్చుకుని మర్నాడే లొంగిపోయాడు. తర్వాత ఫ్రాన్స్ తీరంలో శత్రువు దిగుతున్న పొద్దున, ట్యాంకులు కదలాలంటే ఈయన సెలవివ్వాలి. ఈయనేమో నిద్రలో ఉన్నాడు. లేపే మగాడు లేడు.

అసలు ఇలాంటివాడి తెలివిని తూకం వెయ్యడమే నాకు రోత. లక్షల మంది పసివాళ్ళనీ ముసలివాళ్ళనీ గ్యాసు పెట్టి చంపించినవాడు. కొంప తగలబెట్టినవాడు అగ్గిపుల్ల ఎంత ఒడుపుగా గీశాడో గరాజ్‌లో కూర్చుని మెచ్చుకున్నట్టుంటుంది.

"నాట్ ఫెయిర్, మామయ్యా," అంది పిల్ల ఒక శనివారం. "తప్పులన్నీ అతనివే కాదు. యుద్ధం అయ్యాక ఆ జనరల్స్ అందరూ పుస్తకాలు రాశారు. ఎవ్రీథింగ్ ఈజ్ హిజ్ ఫాల్ట్. డెడ్ గై కదా, జవాబు చెప్పలేడు."

"వంట మాడితే అందరూ వంటవాణ్ణే అంటారు. అంతేగా?"

"యా. బట్ దే వాచ్డ్ ఇట్ బర్న్."

అందులో నాకు తగిలే ముల్లు ఉందని అప్పుడు తోచలేదు.

దాని స్పీచ్ సోమవారం. ముందురోజు ఆదివారం మా వాళ్ళందరి కార్తీక వనభోజనం. పద్దెనిమిది కుటుంబాలవాళ్ళం హెలెన్స్‌బర్గ్ గుడిలో దర్శనం చేసుకుని దగ్గర్లోని పార్కులో తింటాం. ఉసిరిచెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది, యూకలిప్టస్ మొదట్లో ఇండియన్ షాపు ఫ్రోజెన్ ఉసిరికాయలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాం. దేవుడు సర్దుకుపోతాడు. ఇక్కడ కార్తీకమంటే ఎండలు ముదిరే కాలం, చుట్టూ అడవి, బయట మంట వెలిగించకూడదన్నారు. కాబట్టి అన్నీ ఇళ్ళలోనే వండి తేవాలి. ఎవరేం తేవాలో రాసిన పట్టిక బావది.

ఆ పట్టికను తొమ్మిదిసార్లు మార్చాడు. మొదటి దాంట్లో అన్నం నాది. నాలుగో దాంట్లో నన్ను గుత్తివంకాయకు బదిలీ చేసి, అన్నం ఎదురుగా 'తర్వాత చెబుతాను' అని పెట్టాడు. ఐదో దాంట్లో అన్నం అనే వరసే మాయమైంది. స్వీట్లు మూడయ్యాయని అంతకుముందు ఒకాయన అంటే, ఆయన్ని వాట్సాప్ గ్రూపులోంచే తీసేశాడు బావ. అప్పట్నుంచి ప్రతి పట్టిక కిందా అందరూ బొటనవేళ్ళు పైకెత్తడమే. నేను మాత్రం ఫోన్ చేశాను.

"బావా, అన్నం..."

"వంట నీది, ప్లానింగ్ నాది. సరేనా?"

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, నిజం చెప్పొద్దూ, వంకాయలు తరుగుతూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం డెబ్బై మంది ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముద్దపప్పు, వంకాయ, గుమ్మడికాయ పులుసు, చారు, రెండు రకాల సాంబారు, మూడు రకాల స్వీట్లు, బకెట్టు నిండా పెరుగు. బావ మూతలన్నీ తీసి చూశాడు. మళ్ళీ చూశాడు.

"అన్నం ఎవరిది?"

అందరూ చెట్ల మీది కాకటూ పిట్టలను చూడ్డం మొదలుపెట్టారు.

"ఏం నాయనా, ఈ పప్పు గ్లాసులో పోసుకుని తాగాలా?" అంది వరస ముందున్న పెద్దావిడ.

బావ మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "వంటవాడివి, నీకైనా తెలియదురా?"

"తెలుసు బావా. ప్లానింగ్ నీది కదా అని ఊరుకున్నా."

పార్కంతా నవ్వింది. అంత గొప్పగా పేలిన మాట నా జన్మలో లేదు. చుట్టూ చూసుకున్నాను. మేనకోడలు ఒక్కతే నవ్వలేదు.

"డాడ్, వెర్షన్ ఫైవ్ నుంచి రైస్ లేదు," అంది. "ఎవ్రీవన్ సా ఇట్. స్వీట్స్ గురించి చెప్పిన అంకుల్‌ని నువ్వు గ్రూప్ నుంచి తీసేశావు. ఇంకెవరు చెప్తారు?"

తండ్రికి అందరి ముందూ అది ఎదురు చెప్పడం నేను చూడ్డం అదే మొదటిసారి. తర్వాత నా వైపు తిరిగింది. ఈసారి ముక్క ఇంగ్లీషు లేకుండా, అచ్చ తెలుగులో అడిగింది.

"నీకు తెలుసు. తెలిసి కూడా వంకాయ వండుకుంటూ కూర్చున్నావు. పుస్తకాలు రాసిన ఆ సేనానుల్లో నువ్వూ ఒకడివి మామయ్యా. రేపు ఇదంతా కథలు కథలుగా చెప్తావు, తప్పంతా నాన్నదే అంటావు. అవునా, కాదా?"

నోటికి అడ్డూ అదుపూ లేనివాణ్ణని నాకు పేరు. ఆ పూట వంకాయ గిన్నె మీద మూత సర్దాను.

బావ కారు తాళాలు తీశాడు. పిల్ల కూడా వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. గంటకు పైగా పట్టింది. ఊళ్ళో ఉన్న థాయ్ కొట్టూ, చైనీస్ కొట్టూ ఖాళీ చేసి, ప్లాస్టిక్ డబ్బాల్లో అన్నం తెచ్చారు. జిగురుగా ఉండి ముద్దలు ముద్దలుగా వచ్చే అన్నం. నా వంకాయకు అంతకన్నా అవమానం జరగలేదు. బావ తనే డబ్బాలు పట్టుకుని వడ్డించుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"ఇంకోసారి గిన్నె ఖాళీగా కనబడితే చెప్పరా. నేను వినకపోతే గట్టిగా అరిచి చెప్పు," అన్నాడు.

"అరుస్తా బావా," అన్నాను. జోకు కలపాలని కూడా తోచలేదు.

సోమవారం మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు కోస్తుంటే పిల్ల ఫోన్ చేసింది.

"నాన్న స్లైడ్స్ వాడావా?"

"లేదు. నిన్న కార్లోనే చెప్పేశా, ఐ విల్ సే వాట్ ఐ థింక్ అని. నాన్న ఒక్కటే అడిగాడు, ఫ్రాన్స్ గురించి చెప్తావా అని."

"చెప్పావా మరి?"

"వన్ మినిట్. నాలుగు నిమిషాలు అతను ఎంత బ్యాడ్ కమాండరో చెప్పా. నీ పెళ్ళి, బియ్యం మాట చెప్తే క్లాసంతా నవ్వారు. లాస్ట్ టూ మినిట్స్, తెలిసి నోరుమూసుకున్నవాళ్ళ గురించి."

కత్తి పక్కన పెట్టాను. "అంటే ఆ రెండు నిమిషాలూ నావా?"

"యూ ఎర్న్డ్ ఇట్, మామయ్యా."

ఫ్రాన్స్‌ను పడగొట్టినందుకు ఒక నిమిషం. వంకాయ వండినందుకు రెండు.