గాలిలో చదరంగం

వడ్రంగి చదరంగం మానేశాడని వీధంతా మెచ్చుకుంటుంటే అతని భార్యకు ఒళ్లు మండేది. అతను వదిలింది పలకను, ఆటను కాదు. ముందు గదిలో అతని చెక్కల పక్కనే కుట్టుమిషను తొక్కుకునే ఆమెకు తప్ప ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

విహారంలో ఒక రోజు పెద్ద భిక్షువు బుద్ధుడు ఆడని ఆటల వరస చదివి వినిపించాడు. ఎనిమిదేసి గళ్ల పలకలు అన్న మొదటి మాటకే వడ్రంగి కరిగిపోయాడు. కళ్లు తుడుచుకునే హడావిడిలో ఆ తర్వాతది వినలేదు. మర్నాడే తన చేత్తో చెక్కుకున్న చదరంగాన్ని తీసుకెళ్లి విహారంలో అప్పగించి, ఏదో రాజ్యం వదిలేసినవాడిలా తిరిగొచ్చాడు.

పక్క గదిలో గడియారాలు బాగుచేసే ఆయన వడ్రంగికి అక్క మొగుడు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. మధ్యలో పలచటి చెక్క గోడ. కొన్నాళ్లకే గోడవతల నుంచి, "బామ్మర్దీ, నా గుర్రం నీ ఏనుగు మీదికొచ్చింది, చూస్కో" అని వినిపించింది. ఇవతల చిత్రిక పట్టే చప్పుడు ఆగిపోయింది.

అంతే, ఇక అంతు లేదు. పలక ఉన్నప్పుడు కనీసం మడిచి అటక మీద పెట్టేవాళ్లు. తలలో ఉన్నదాన్ని ఎక్కడ పెడతారు? అన్నానికి పిలిస్తే మంత్రి ఇరుక్కున్నాడనేవాడు. ఒక చెప్పు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయేవాడు. ఏవయ్యా అంటే ఉలిక్కిపడి, ఎవరో పరాయిమనిషిని చూసినట్టు చూసేవాడు.

అదంతా ఆమె భరించేదే. కానీ విహారంలో కొత్త హాలుకి తలుపు పని అతనికిచ్చారు. అది సోమవారానికి సరిగ్గా కూర్చుంటే హాలు కిటికీలన్నీ అతనివే. అప్పుడు పని చేసుకోవడానికి వేరే గది తీసుకోవచ్చు, ఆమె కుట్టే తెల్లబట్టల మీద రంపప్పొట్టు రాలడం తప్పుతుంది. పొట్టు దులపలేక, ఖాతాదార్ల చేత మాటలు పడలేక ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది. అలాంటిది, శనివారం పొద్దున అతను తలుపు రెక్కను నాలుగు వేళ్లు పొట్టిగా కోసి పెట్టాడు. ఏమిటిదని అడిగితే రంపం చేత్తో పట్టుకునే, బావ చెక్ పెట్టాడని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

ఆమె మిషను మీద బట్ట అలాగే వదిలేసి విహారానికి నడిచింది. పెద్ద భిక్షువు అంతా విని, పుస్తకం తీసి ఆ వరసలో గళ్ల పలకల తర్వాతి మాట చూపించాడు. అదే ఆటను పలక లేకుండా గాలిలో ఊహించుకుని ఆడడం.

"ఆ కాలంలోనే ఉన్నారమ్మా, మీ ఆయన లాంటివాళ్లు."

"మరి మందేం రాశారు భంతే?"

"మందేం లేదమ్మా. బుద్ధుడు ఆడలేదు, అంతే."

"ఆయన ఆడలేదు సరే. నా మొగుడు ఆడుతున్నాడుగా. ఆ పలక ఇటిప్పించండి."

ఇంటికొచ్చి పొట్టి రెక్క మీద పలక పరిచింది. ఇద్దర్నీ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టింది. ఎవరి పావులు ఎక్కడున్నాయో పెట్టమంది, ఆట తేల్చిగానీ లేవడానికి వీల్లేదంది.

వడ్రంగి తన మంత్రిని నడిమధ్య నిలబెట్టాడు. ఆ మంత్రి చచ్చి చాలా రోజులైందన్నాడు బావ. బావ రెండు ఏనుగులు పెట్టాడు. అందులో ఒకదాన్ని తానే చంపానన్నాడు వడ్రంగి. ఒక్క బంటు దగ్గరా ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఇన్నాళ్లూ ఎవరి తలలో ఆట వాళ్లే ఆడుకున్నారు. ఇద్దరూ గెలుస్తున్నారు.

"మరిన్నాళ్లూ నువ్వెవరితో ఆడావురా?" అన్నాడు బావ.

"నువ్వెవరితో ఆడావు?"

పనిలేని ఇద్దరు మొండివాళ్ల మధ్య తన బతుకు నలుగుతోందని ఆమెకు ఏడుపొచ్చింది. నవ్వొచ్చినా బాగుండేది. బావ మొహం మాడ్చుకుని తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఊహించుకోవడానికి ఏమీ మిగలని వడ్రంగి కాసేపు గోళ్లు గిల్లుకుని, లేచి కొత్త చెక్క అందుకున్నాడు.

సోమవారం తలుపు కూర్చుంది. కిటికీలూ వచ్చాయి. పొట్టి రెక్క ఆమె బట్ట కత్తిరించుకునే బల్ల అయింది.

మూడో కిటికీ చట్రం పని సాగుతుండగా గోడవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"బామ్మర్దీ, ఈసారి మొదట్నించీ..."

చిత్రిక ఆగింది. ఆమె మిషను మీంచి కాలు తీసింది.

"అన్నయ్యా, కిటికీలయ్యేదాకా ఆ గుర్రాన్ని కట్టేసుకోండి."

అవతల ఏదో గడియారానికి కీ తిప్పుతున్న చప్పుడైంది. ఇవతల చిత్రిక మళ్లీ కదిలింది.