జడ్జి సంగీత వెళ్లలేని తీజ్

మూడుసార్లు తప్పి నాలుగోసారి నెగ్గిన పరీక్ష అది. సంగీత జూనియర్ సివిల్ జడ్జిగా ఎంపికైందన్న కబురు రాగానే ములకలపల్లి దగ్గర ఆమె అత్తగారి తండాలో డప్పులు మోగాయి. ఆ తండా అప్పటికే ఇద్దరు టీచర్లను, ఒక కండక్టరును, బొగ్గుబావులకు పదకొండు మంది కార్మికులను ఇచ్చింది. నల్లకోటు వేసుకొని తీర్పు చెప్పే మనిషిని మాత్రం ఇవ్వలేదు. బడికి పోయే ముందు మిరపచేలో కాయ కోసిన పిల్ల ఆమె. పదో తరగతి ఒక్క దెబ్బకే పాసైంది. వరంగల్‌లో లా చదివింది. ఖమ్మం కోర్టులో ప్రాక్టీసు చేస్తూ, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకొని జడ్జి పరీక్షకు చదివింది. ఇదంతా తండాలో ఎవర్ని అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఆమె బతుకుతున్న తీరు.

గోదావరి దాటాక అడవి అంచున ఉన్న చిన్న పట్టణంలో ఆమె కోర్టు. రెండేళ్లలో పదకొండు వందల పైచిలుకు కేసులు తేల్చిందని జిల్లా జడ్జిగారు సమావేశంలో అందరి ముందూ మెచ్చుకున్నారు. పొద్దున పదిన్నరకు బెంచి ఎక్కితే సాయంత్రం అయిదు దాటాకే దిగడం. ఆ తర్వాత పోలీసులు రిమాండుకు తెచ్చినవాళ్లు. సెలవునాడు న్యాయ సేవల శిబిరం. ఊళ్లో ఎవరి పెళ్లికీ పోదు, ఎవరి ఇంట్లోనూ టీ తాగదు. రేపు వాళ్లే బోనులో నిలబడవచ్చు. కూరగాయలు కూడా అటెండరు దూలయ్యే తెచ్చిపెడతాడు.

"ఇయ్యాల బెండకాయ తెచ్చిన మేడమ్. నిన్న సొరకాయన్నరు, అది ముదిరింది."

ఆ ఊళ్లో రోజు మొత్తంలో ఆమెతో కేసు ఊసు లేకుండా మాట్లాడే మాట అదొక్కటే.

భర్త చందర్ కొత్తగూడెంలో బొగ్గుగని ఎలక్ట్రీషియను. తొమ్మిదేళ్ల కూతురు నవత, అత్త మంగ్లి అతనితోనే క్వార్టర్లో ఉంటారు. సంగీత పని స్థలం దాటాలంటే జిల్లా జడ్జిగారి అనుమతి ఉండాలి. నెలకు రెండుసార్లు దొరికితే గొప్ప.

ఈ ఆగస్టులో మాత్రం ఆమె నెల ముందే అర్జీ పెట్టుకుంది. నవతకు ఇది మొదటి తీజ్. లంబాడీ తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచే పండుగ. తండా పెద్ద అయిన నాయక్ వాకిట్లో మంచె కట్టి బుట్టలన్నీ దాని మీదనే పెడతారు. తొమ్మిదో రోజు పాటలతో దించి వాగులో కలుపుతారు. ఆ రోజు ఆదివారం, పదిహేడో తారీఖు. అనుమతి కాగితం వచ్చేసింది. మంగ్లి నవతను తీసుకొని తండాకు వెళ్లింది.

"యాడీ, నాయి ఏలెడు పెరిగినయ్!" అంటూ కూతురు రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. అమ్మను యాడీ అనడం వాళ్ల భాష. సంగీత ఒంటరిగా ఉండే కోర్టు క్వార్టర్లో ఆ భాష వినిపించేది ఆ ఫోనులోనే.

పద్నాలుగో తారీఖు, గురువారం. భోజన విరామానికి బెంచి దిగి చాంబరుకు వెళ్తుంటే వరండాలో ఎర్ర తలపాగా ముసలాయన చేతులు జోడించి, వాళ్ల భాషలోనే "బాగున్నావా కోడలా?" అన్నాడు. ప్రాణం లేచివచ్చినట్టయింది. నవ్వబోయి, ఆయన పక్కనున్న మనిషిని చూసి ఆగిపోయింది.

ముసలాయన తండా నాయక్ పూల్‌సింగ్. పక్కనున్నది లారీ కేసు ముద్దాయి బలరాం. మూడేళ్ల కింద అతని లారీ గుద్ది సైకిలు మీద పోతున్న ఒక కోయ రైతు చనిపోయాడు. ఆ రోజుతో వాదనలు ముగుస్తాయి, సోమవారం తీర్పు. బలరాం పదేళ్లుగా తండా విడిచి పాల్వంచలో కిరాయికి ఉంటున్నాడు. కేసు కాగితాల్లో అతని తండ్రి పేరు పూల్‌సింగ్ అని ఉన్నా, అది ఈ నాయకేనని ఆమెకు ఆ క్షణం దాకా తట్టలేదు.

తల తిప్పుకొని చాంబరులోకి వెళ్లి జిల్లా జడ్జిగారికి ఫోన్ చేసింది.

"బంధువా?"

"కాదు సార్. మా అత్తగారి తండా నాయక్."

"రెండు పక్షాలనూ బహిరంగంగా అడగండి. ఎవరు కాదన్నా కేసు వేరే కోర్టుకు మారుద్దాం."

మధ్యాహ్నం బెంచి మీద నుంచే అంతా చెప్పి అడిగింది. బలరాం లాయరు అభ్యంతరం లేదన్నాడు. చనిపోయిన రైతు భార్య సమ్మక్క లేచింది.

"మూడేండ్ల సంది తిరుగుతున్ననమ్మా. ఇంకో కోర్టుకు పోతే మల్ల ఎన్నేండ్లో. నువ్వే చెప్పు. గాని గిది ఆళ్ల పండుగ నెల. ఆళ్ల ఇంట్ల నువ్వు అన్నం తినకుంటే సాలు నాకు."

"ఏందమ్మా, జడ్జిగారితోని గట్ల మాట్లాడుతరా?" సర్కారు ప్లీడరు ఆమెను కూర్చోబెట్టబోయాడు.

"అననివ్వండి" అంది సంగీత. "తినను సమ్మక్కా."

ఆ సాయంత్రం చందర్‌కు చెప్పింది.

"తినకు. ఊకె వచ్చిపో" అన్నాడతను.

"బుట్టలు యాడున్నయ్? నాయక్ వాకిట్లనే గదా. గా వాకిట్ల అడుగు పెట్టి సోమవారం ఆయన కొడుకు మీద తీర్పెట్ల చదువుత?"

"పర్మిషన్ దొరికినా మేడమ్ మాత్రం దొరకదు" అని ఒక నవ్వు నవ్వి, వెంటనే మెత్తబడ్డాడు. "నువ్వే చెప్పు పిల్లకు. నాతోని గాదు."

చెప్పింది. నవత, "నా బుట్టనే అందరికన్న పెద్దగొచ్చింది" అని ఫోన్ అవ్వకిచ్చేసింది.

శుక్రవారం కోర్టు ముందు జెండా ఎగరేసి, పిల్లలకు బిస్కెట్లు పంచి, సంగీత తీర్పు రాయడానికి కూర్చుంది. ఆదివారం సాయంత్రం మంగ్లి వీడియో కాల్ చేసింది. మంచె మీది నుంచి బుట్ట దిగడం, నవత నెత్తిన ఎత్తుకోవడం కనిపించాయి. వాగు దారి పట్టగానే సిగ్నల్ పోయింది. మళ్లీ కలవలేదు. పాట సగంలో తెగింది. మిగతా సగం ఆమె వంటింట్లో తనే పాడుకుంది, దూలయ్య తెచ్చిన బెండకాయలు తరుగుతూ.

సోమవారం బలరాంకు ఏడాది జైలుశిక్ష చదివింది. సమ్మక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పీలుకు గడువిస్తూ శిక్ష ఆపిన ఉత్తర్వు మీద కూడా సంతకం చేసి బెంచి దిగింది. వరండాలో పూల్‌సింగ్ ఉన్నాడు. ఈసారి ఏ భాషలోనూ పలకరించలేదు.

ఆ సాయంత్రం ఫోన్ నవత చేసింది.

"యాడీ, అన్నీ వాగుల కలపలే. నీకని పిడికెడు దాచిన. తడిగుడ్డల చుట్టి క్వార్టర్‌కు తెచ్చిన. ఎన్నొద్దులు ఆగుతయ్?"

"నీళ్లు చల్లుతుంటే నాలుగైదు రోజులు ఆగుతయ్ బిడ్డా."

"మరి నువ్వెప్పుడొస్తవ్?"

ఈ వారాంతం రిమాండు డ్యూటీ పక్క కోర్టు జడ్జిది. సంగీత కొత్త అర్జీ అప్పటికే రాసింది. కూతురికి అందులోని తేదీ చదివి వినిపించింది: ఆగస్టు ఇరవై మూడు, శనివారం.